ట్రాక్‌కి వెళ్లే ఎస్టీమ్‌కి పిస్టన్ల ఎంపిక: 12 కంప్రెషన్ అడిగితే 10.6 ఎందుకు ఇచ్చాం

మూడో సిలిండర్ పిస్టన్ బయటికి తీసి బల్ల మీద పెట్టగానే, ఇంజన్ ఎందుకు పొగ కక్కుతోందో తెలిసిపోయింది. టాప్ రింగుకీ సెకండ్ రింగుకీ మధ్య ఉండే గట్టు, మేం ల్యాండ్ అంటాం, ఎగ్జాస్ట్ వైపు బొటనవేలి గోరంత మేర విరిగి ఊగుతోంది. పిస్టన్ తల మీద, స్పార్క్ ప్లగ్‌కి దూరంగా ఉండే అంచుల్లో, సూదితో పొడిచినట్టు సన్నని గుంటలు. ఆ సిలిండర్ ప్లగ్ తీసి లెన్స్ కింద చూస్తే తెల్ల పింగాణీ మీద మిరియపు పొడిలా చిన్న చిన్న అల్యూమినియం బొట్లు కనిపించాయి. నాలుగో పిస్టన్ మీద కూడా గుంటలు మొదలయ్యాయి. ఒకటి, రెండు బాగానే ఉన్నాయి.

కారు 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ మారుతి ఎస్టీమ్. సుజుకీ జీ13బీబీ ఇంజన్, బోరు (సిలిండర్ వెడల్పు) 74 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ పైనుంచి కిందికి కదిలే దూరం) 75.5 మి.మీ., మొత్తం 1,298 సీసీ. కొత్తలో 85 బీహెచ్‌పీ ఇచ్చేది. అల్యూమినియం బ్లాకు, లోపల కాస్ట్ ఐరన్ లైనర్లు. ఒకప్పుడు మన దేశంలో ర్యాలీల్లో, సర్క్యూట్ రేసుల్లో ఎస్టీమ్ లేని గ్రిడ్ ఉండేది కాదు. బరువు తక్కువ, సస్పెన్షన్ సులువు, ఇంజన్ పైకి హాయిగా తిరుగుతుంది. అందుకే ఇప్పటికీ దీన్ని ప్రేమించేవాళ్లున్నారు. ఓనర్ నెల్లూరు కుర్రాడు. వీలున్నప్పుడల్లా శ్రీపెరుంబుదూరు దగ్గరి మద్రాస్ ట్రాక్‌కి ట్రాక్ డేలకి వెళ్తాడు. మిగతా రోజుల్లో అదే కారులో ఒంగోలు, విజయవాడ తిరుగుతాడు.

అతను వచ్చేటప్పటికే మనసులో ఒక లిస్టు ఉంది: అచ్చులో పోసినవి (కాస్ట్) కాకుండా లోహాన్ని ఒత్తి చేసిన ఫోర్జ్‌డ్ పిస్టన్లు, ఇంకా 12 కంప్రెషన్, అంటే సిలిండర్‌లోని మిశ్రమాన్ని పన్నెండో వంతుకి నొక్కడం.

"అన్నా, ఫోర్జ్‌డ్ పిస్టన్లే వేద్దాం. కంప్రెషన్ 12 పెట్టించు. మా ఫ్రెండ్ కారులో 12 ఉంది, రెండు సీజన్లయినా ఏం కాలేదు."

"ఆ కారు ట్రాక్‌కి ఎలా వస్తుంది తమ్ముడూ?"

"ట్రైలర్ మీద."

"పెట్రోలు?"

"డబ్బాల్లో తెచ్చుకుంటారన్నా. మంచి ఆక్టేన్‌ది."

అతని కారేమో నడుచుకుంటూ ట్రాక్‌కి వెళ్తుంది, దారిలో దొరికిన బంకులో పోయించుకుంటుంది, సాయంత్రం అదే ఇంజన్‌తో ఏసీ వేసుకుని ఇంటికి వస్తుంది. పిస్టన్ ఎంపికకు సంబంధించి నేను అడగాల్సిన ప్రశ్నల్లో సగానికి జవాబు ఆ రెండు ముక్కల్లోనే వచ్చేసింది.

పాత పిస్టన్ చెప్పిన సంగతి

కొత్తవి ఆర్డర్ పెట్టే ముందు పాతవి ఎందుకు పోయాయో తేల్చుకోవాలి. గుంటలు, అల్యూమినియం బొట్లు, విరిగిన ల్యాండ్ మూడూ కలిస్తే అది డిటొనేషన్. ప్లగ్ వెలిగించిన మంట సిలిండర్ అంతా పాకేలోపే, మూలల్లో మిగిలిన మిశ్రమం ఒత్తిడికీ వేడికీ తట్టుకోలేక తనంతట తానే ఒక్కసారిగా పేలిపోవడం. ఆ దెబ్బ సుత్తి దెబ్బలా తగులుతుంది. కాస్ట్ పిస్టన్ వేడికి కొంతవరకు ఓర్చుకుంటుంది గానీ ఆ సుత్తి దెబ్బకి వంగడం తెలియదు, పగులుతుంది. అందరికంటే ముందు పోయేది రింగ్ ల్యాండే.

కారణాలు వెతికితే మూడు దొరికాయి. అంతకుముందు ఎవరో హెడ్‌ను స్కిమ్ చేశారు, అంటే దాని ముఖాన్ని పలచగా చెక్కారు, కాబట్టి కంప్రెషన్ కొంత పెరిగింది. ఇంకెవరో పికప్ కోసం టైమింగ్, అంటే ప్లగ్ వెలిగే సమయం, ముందుకు జరిపారు. మూడోది, ఇంజెక్టర్లను బెంచ్ మీద పెట్టి చూస్తే మూడో సిలిండర్‌ది మిగతావాటికంటే స్పష్టంగా తక్కువ పోస్తోంది. దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. మామూలు పెట్రోలు పూర్తిగా కాలడానికి బరువు లెక్కన 14.7 పాళ్ల గాలి కావాలి, ఈ20కి 13.5 చుట్టూ చాలు. అంటే అదే గాలికి పెట్రోలు ఎక్కువ పోయాలి. ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, పాత ఈసీయూకి ఈ సంగతి తెలియదు. ఫుల్ థ్రాటిల్‌లో, ఆక్సిజన్ సెన్సర్ మాట వినకుండా తనలో ముందే రాసిపెట్టిన పట్టిక, అంటే మ్యాప్, ప్రకారం పోసుకుపోయేటప్పుడు, మిశ్రమం కొంచెం పలచబడుతుంది. ఇథనాల్ ఆక్టేన్, అంటే తనంతట తాను పేలకుండా ఓర్చుకునే గుణం, పెంచే మాట నిజమే, కానీ అప్పటికే తక్కువ పోస్తున్న ఇంజెక్టర్ ఉన్న సిలిండర్‌ని ఆ ఆక్టేన్ కాపాడలేకపోయింది.

ఇవన్నీ సరిచేయకుండా ఫోర్జ్‌డ్ పిస్టన్ వేస్తే అది ఇంకొన్నాళ్లు ఓర్చుకుంటుంది, అంతే. తర్వాత దెబ్బ హెడ్ గ్యాస్కెట్ మీదో, బేరింగ్ మీదో పడుతుంది. ఫోర్జ్‌డ్ పిస్టన్‌ని డిటొనేషన్‌కి మందులా అమ్మే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. కస్టమర్ డబ్బూ పోతుంది, జబ్బూ మిగిలిపోతుంది.

కంప్రెషన్ లెక్క

ఎక్కువ సమయం పెట్టింది ఇక్కడే. ముందు ఉన్నదేంటో కొలిచాం. హెడ్‌ని తిరగేసి, వాల్వుల చుట్టూ, ఛాంబర్ అంచు చుట్టూ పలచగా గ్రీజు రాసి, చిన్న రంధ్రం ఉన్న మందపాటి పారదర్శక ప్లాస్టిక్ పలకను దాని మీద నొక్కి, రంగు కలిపిన కిరసనాయిల్‌ని బ్యూరెట్‌తో చుక్కచుక్కగా వదులుతాం. పలక కింద చివరి గాలి బుడగ ఆ రంధ్రంలోంచి పోయేదాకా వదిలి రీడింగ్ తీసుకుంటాం. నాలుగు ఛాంబర్లూ 31 సీసీకి అటూ ఇటూగా వచ్చాయి. ఎక్కువ తక్కువలుంటే ఛాంబర్‌లో కొద్దిగా రుద్ది సమానం చేశాం.

మిగతా లెక్క ఇలా ఉంది. పాత గ్యాస్కెట్ నొక్కుకున్నాక 1.2 మి.మీ., దాని రంధ్రం 75.5 మి.మీ., కాబట్టి 5.4 సీసీ. పిస్టన్ పైకి వచ్చినప్పుడు బ్లాకు ముఖానికి 0.35 మి.మీ. కింద ఆగుతోంది, అది 1.5 సీసీ. పిస్టన్ తలలోని లోతు, వాల్వులు తగలకుండా తవ్విన గుంటలు (వాల్వ్ పాకెట్లు) కలిపి 0.9 సీసీ. మొత్తం 38.8 సీసీ. ఒక సిలిండర్ స్వెప్ట్ వాల్యూమ్, అంటే పిస్టన్ కదిలే మేర ఘనపరిమాణం, 324.7 సీసీ. రెండూ కూడి 38.8తో భాగిస్తే 9.4. ఇంజన్ మా దగ్గరికి వచ్చినప్పుడు ఉన్న కంప్రెషన్ ఇది.

లైనర్లలో గీతలు పడ్డాయి కాబట్టి రీబోర్, అంటే సిలిండర్లను కొంచెం పెద్దవిగా కోయడం, తప్పదు. 0.50 ఓవర్‌సైజ్‌కి వెళ్తే బోరు 74.5, సిలిండర్‌కి 329.1 సీసీ, మొత్తం 1,316 సీసీ. ఇంకా పెద్ద బోరు గురించి కుర్రాడు అడిగాడు. లైనర్ గోడ పలచబడే కొద్దీ ట్రాక్ వేడిలో అది గుండ్రంగా నిలవదు, రింగు ఎంత మంచిదైనా దానికి అతుక్కోదు. అరమిల్లీతో ఆపేశాం.

ఇప్పుడు అసలు ప్రశ్న, 12 ఎందుకు వద్దు? ఇందుకు నేను కాగితం మీద ఒక లెక్క వేసి చూపిస్తాను. కంప్రెషన్ పెరిగితే ఆదర్శ ఆటో సైకిల్ ప్రకారం సామర్థ్యం ఎంత పెరుగుతుందో సూత్రం ఉంది: ఒకటిలోంచి, కంప్రెషన్ రేషియోకి మైనస్ 0.4 ఘాతం తీసేయడం. 9.4కి అది 0.592, 10.6కి 0.611, 12కి 0.630. అంటే 9.4 నుంచి 10.6కి వెళ్తే 3 శాతం లాభం. అక్కడినుంచి 12కి వెళ్తే మళ్లీ 3 శాతం. నిజ ఇంజన్‌లో దానికంటే తక్కువే. ఇలాంటి ఇంజన్‌లో 3 శాతమంటే ఇంచుమించు 3 హార్స్‌పవర్. మొదటి 3 శాతం 95 ఆక్టేన్ పెట్రోలుతో నిశ్చింతగా వస్తుంది. రెండో 3 శాతానికి ప్రతి ట్యాంకూ 99, 100 ఆక్టేన్ కావాలి. ఇండియన్ ఆయిల్ 2020లో ఎక్స్‌పీ100 తెచ్చింది, మంచి పెట్రోలే, కానీ అది పెద్ద నగరాల్లో ఎంచుకున్న బంకుల్లో దొరికే సరుకు. రాత్రి తొమ్మిదికి కావలి దాటాక ట్యాంకు ఖాళీ అయితే దొరికేది మామూలు పెట్రోలు, అదృష్టముంటే ఎక్స్‌పీ95. 12 కంప్రెషన్ ఇంజన్‌లో అది పోయించుకుంటే టైమింగ్ వెనక్కి లాగాలి. టైమింగ్ లాగితే ఆ 3 హార్స్‌పవర్ పోవడమే కాదు, ఇంకా కిందికి పోతుంది.

ఆ లెక్క చూశాక కుర్రాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి మూడే అయితే ఆ టెన్షన్ ఎందుకన్నా" అన్నాడు. 10.6కి ఒప్పుకున్నాడు.

ఆ 10.6ని ఎలా తెచ్చామన్నది ఇంకా ముఖ్యం. చాలామంది నేరుగా పిస్టన్ తల మీద గుట్ట, అంటే డోమ్, పెంచేస్తారు. ఎత్తైన డోమ్ ఛాంబర్ మధ్యలోకి చొచ్చుకొచ్చి మంటకి అడ్డం పడుతుంది. మంట చుట్టూ తిరిగి పోవాలి, ఆలస్యమవుతుంది, ఆలస్యమైన కొద్దీ మూలల్లో డిటొనేషన్‌కి సమయం దొరుకుతుంది. అందుకే మేం ముందు స్క్విష్ సరిచేశాం. స్క్విష్ అంటే పిస్టన్ పైకొచ్చినప్పుడు దాని అంచుకీ హెడ్ చదును భాగానికీ మధ్య మిగిలే సందు. అది బిగువుగా ఉంటే మూలల్లోని మిశ్రమం ప్లగ్ వైపు చిమ్ముకుంటూ పోతుంది, మంట వేగంగా పాకుతుంది. పాత లెక్కలో ఈ సందు 1.55 మి.మీ. అది మరీ వదులు.

కొత్త పిస్టన్‌లో, దాన్ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపే పిన్ నుంచి తలకి ఉండే ఎత్తుని 0.3 మి.మీ. పెంచమన్నాం. అప్పుడు పిస్టన్ బ్లాకు ముఖానికి 0.05 మి.మీ. కింద మాత్రమే ఆగుతుంది. గ్యాస్కెట్ 0.9 మి.మీ. ఉండే మల్టీ లేయర్ స్టీల్‌ది తీసుకున్నాం. స్క్విష్ 0.95 మి.మీ.కి వచ్చింది. ఇంత మాత్రం చేస్తేనే, పిస్టన్ తల ఆకారం అసలు ముట్టుకోకుండా, కంప్రెషన్ 10.1 అయింది. మిగిలిన అరపాయింటుకి తలలో 0.9 సీసీ లోతు బదులు, పాకెట్లు పోను నికరంగా 1 సీసీ మెత్తటి ఉబ్బు పెట్టించాం. ఛాంబర్ 31, గ్యాస్కెట్ 4.0, పిస్టన్ పైన మిగిలే సందు 0.2 కూడి ఒకటి తీసేస్తే 34.2 సీసీ, కంప్రెషన్ 10.6. ఇదే పద్ధతిలో 12 కావాలంటే నికరంగా 5.3 సీసీ డోమ్ కావాలి. 74.5 బోరులో, నాలుగు వాల్వ్ పాకెట్లు తవ్వాక కూడా 5.3 మిగలాలంటే ఆ గుట్ట ఎంత లేస్తుందో ఊహించుకోవచ్చు.

2618 కాదు, 4032

ఫోర్జ్‌డ్ అని ఒకటే మాట వాడతాం గానీ అందులో ప్రధానంగా రెండు మిశ్రమ లోహాలున్నాయి. 4032లో సిలికాన్ సుమారు 12 శాతం. 2618లో సిలికాన్ దాదాపు లేనట్టే, రాగి, మెగ్నీషియం, నికెల్ ఉంటాయి. సిలికాన్ వ్యాకోచాన్ని తగ్గిస్తుంది, గట్టిదనం ఇస్తుంది, కానీ లోహాన్ని కొంచెం పెళుసు చేస్తుంది. అందుకే పెద్ద టర్బో బూస్ట్, నైట్రస్ ఉన్నచోట 2618 రాజు. దెబ్బ పడితే పగలకుండా నొక్కుకుపోతుంది. దాని ఖరీదు రోజువారీ వాడకంలో తెలుస్తుంది. 74.5 మి.మీ. పిస్టన్ 150 డిగ్రీలు వేడెక్కితే 4032 ఇంచుమించు 0.22 మి.మీ. పెరుగుతుంది, 2618 అయితే 0.25. ఈ 0.03 తేడా కోసం బోరు వదులుగా పెట్టాలి. వదులు పెట్టిన ఇంజన్ పొద్దున్నే చల్లగా స్టార్ట్ చేసినప్పుడు పిస్టన్ గోడకేసి కొట్టుకుంటూ టకటకలాడుతుంది, రింగులు ఊగుతాయి, ఏళ్ల తరబడి వాడితే రింగ్ గాడులు త్వరగా అరుగుతాయి.

మన కారు రోజూ స్టార్ట్ అవుతుంది, బూస్ట్ లేదు, కంప్రెషన్ అదుపులో ఉంది. 4032 తప్ప వేరే జవాబు లేదు. సిలికాన్ ఎక్కువ కలిపిన మంచి హైపర్‌యూటెక్టిక్ కాస్ట్ పిస్టన్లు కూడా ఆలోచించాం. చవక, క్లియరెన్స్ (పిస్టన్‌కీ బోరు గోడకీ మధ్య సందు) బిగువు, నిశ్శబ్దం. ట్యూనింగ్ ఎప్పుడూ సరిగ్గా ఉంటుందని హామీ ఉంటే అవే వేసేవాణ్ని. ట్రాక్‌లో ఒకరోజు ఇంజెక్టర్ మళ్లీ మొరాయించినా ఇంజన్ ఇల్లు చేరాలి, అందుకని ఫోర్జింగ్‌కి డబ్బు పెట్టించాను.

బరువు, తిరుగుడు

వాల్వుల్ని తెరిచే కొత్త క్యామ్‌తో రెవ్ లిమిట్, అంటే ఇంజన్ తిరిగే గరిష్ఠ ఆర్‌పీఎమ్, 7,500 పెట్టాలనుకున్నాం. పాతది 6,500 దగ్గర. ఆర్‌పీఎమ్ 15 శాతమే పెరిగింది కదా అనుకుంటాం, కానీ పిస్టన్‌ని పైనుంచి కిందికి గుంజే బలం ఆర్‌పీఎమ్ వర్గంతో పెరుగుతుంది, అంటే 33 శాతం. 7,500 దగ్గర పైచివరన పిస్టన్ త్వరణం భూమి ఆకర్షణకి సుమారు 3,100 రెట్లు. పిస్టన్, పిన్, రింగులు కలిపి 320 గ్రాములుంటే ఆ క్షణంలో కనెక్టింగ్ రాడ్‌ని టన్ను బరువు వేలాడినట్టు లాగుతుంది. ప్రతి 10 గ్రాములకీ 31 కిలోలు. రాడ్ బోల్టులు ఎందుకు కొత్తవి వేయమంటామో, పిన్ గోడ మందం ఎందుకు చూస్తామో ఇందులోనే ఉంది.

అయినా బరువు తగ్గించడానికి మితి పెట్టుకున్నాం. స్కర్ట్, అంటే రింగుల కింద గోడకి ఆనుకునే పిస్టన్ భాగం, మరీ పొట్టిగా ఉండే రేస్ డిజైన్లు తేలికే, కానీ పిస్టన్ బోరులో ఊగుతుంది. పొడుగు స్కర్ట్ ఉన్నదే ఎంచుకున్నాం. టాప్ ల్యాండ్ కూడా పలచన చేయనివ్వలేదు, 5 మి.మీ. పైన ఉంచాం. తల మీది వేడిలో ఎక్కువ భాగం రింగుల ద్వారానే గోడకి పోతుంది. టాప్ రింగుని మంటకి మరీ దగ్గరగా జరిపితే దానికీ, దాని గాడికీ ఆయుష్షు తగ్గిపోతుంది.

వచ్చిన నాలుగు పిస్టన్లూ పిన్‌లతో తూచితే ఒక గ్రాము లోపే తేడా. ఇన్‌లైన్ ఫోర్‌లో రెండు పైకి వెళ్తుంటే రెండు కిందికి వస్తాయి కాబట్టి నాలుగూ సమానంగా ఉంటే చాలు, కొత్త పిస్టన్ బరువుకి తగ్గట్టు క్రాంక్‌ని మళ్లీ బ్యాలెన్స్ చేయించే పని లేదు.

వేరే ఇంజన్ పిస్టన్లు పడవా అని ఈ బిల్డ్ గురించి విన్న ప్రతివాళ్లూ అడిగారు. బెలెనో 1.6 ఇంజన్ జీ16బీ బోరు 75 మి.మీ., దగ్గరగానే ఉంది. కానీ దాని స్ట్రోక్ 90. పిస్టన్ ఎత్తు, పిన్, వాల్వ్ పాకెట్లు ఆ ఇంజన్‌కి తగ్గట్టు చేసినవి. స్విఫ్ట్ జీటీఐది అదే 74 మి.మీ. బోరు, కానీ అది ట్విన్ క్యామ్ హెడ్ కోసం చేసిన పిస్టన్. వాల్వులు ఎక్కడ, ఏ కోణంలో దిగుతాయో అదే పిస్టన్ తల ఆకారాన్ని నిర్ణయిస్తుంది. బోరు కలిసిందని తెచ్చి, పాకెట్లు గ్రైండర్‌తో తవ్వి, తల పలచన చేసిన పిస్టన్లు చూశాను. అంత కష్టం పడేకంటే కావలసిన కొలతలు రాసి చేయించుకోవడమే మేలు. విదేశాల నుంచి తెప్పించుకోవాలి, కస్టమ్స్ డ్యూటీతో కలిపి సెట్టు ఖర్చు లక్షకి అటూ ఇటూ అవుతుంది, వారాలు ఆగాలి. ఆ మాట కస్టమర్‌కి మొదటి రోజే చెప్పాలి.

ఆర్డర్ ఫారంలో మిగతా విషయాలు త్వరగా తేలాయి. పిన్ సెంటర్‌కి 0.5 మి.మీ. ఆఫ్‌సెట్ ఉంచమన్నాం, అంటే పిన్‌ని నడిమధ్య నుంచి ఆ మేర పక్కకి జరపడం. రేస్ పిస్టన్లలో ఇది సున్నా పెడతారు, రోడ్డు మీద మాత్రం చల్లగా ఉన్నప్పుడు చప్పుడు తగ్గిస్తుంది. స్కర్ట్ మీద రాపిడి తగ్గించే నల్ల మాలీ కోటింగ్. తల మీద సిరామిక్ కోటింగ్ అవసరం లేదనిపించింది. రింగుల మందం 1.0, 1.2, 2.0 మి.మీ.

ఆటోనగర్‌లో

రీబోర్ విజయవాడ ఆటోనగర్‌లో చేయించాం. అక్కడ మిల్లీమీటర్లు చెబితే వింటారు గానీ, మాటలన్నీ థౌలలో నడుస్తాయి. రెండు థౌ అంటే ఇంచులో వెయ్యో వంతులు రెండు, 0.05 మి.మీ. నేను రెండు థౌ క్లియరెన్స్ అనగానే బోరింగ్ మేస్త్రి పిస్టన్ చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "ఫోర్జ్‌డ్ అంటున్నావు, రెండు థౌ చాలా బాబూ? పట్టేస్తుందేమో" అన్నారు. ఆయన భయం సరైనదే, ఆయన ఇన్నాళ్లూ చూసిన ఫోర్జ్‌డ్ పిస్టన్లు చాలావరకు 2618వి. ఇది 4032 అని, తయారీదారు ఇచ్చిన పట్టిక చూపించాక ఒప్పుకున్నారు. ఆ పట్టిక ప్రకారం 0.055 పెట్టాం.

ఈ కొలత ఎక్కడ తీస్తున్నామన్నది చాలా ముఖ్యం. పిస్టన్ గుండ్రంగా ఉండదు. పైనుంచి చూస్తే కాస్త కోలగా, పక్కనుంచి చూస్తే పీపాలా ఉంటుంది. తల దగ్గర సన్నం, స్కర్ట్ దగ్గర వెడల్పు. తల దగ్గర మైక్రోమీటర్ పెట్టి క్లియరెన్స్ లెక్కేస్తే స్కర్ట్ బోరులో దూరదు. పిన్‌కి అడ్డంగా, స్కర్ట్ మీద, షీటులో చెప్పిన ఎత్తు దగ్గర మాత్రమే కొలవాలి. అక్కడ 74.445 వచ్చింది, బోరు 74.500కి తెచ్చాం. ప్రతి బోరునీ దాని పిస్టన్‌తోనే జత చేసి నంబర్లు వేశాం. ఇంకో సంగతి, మే నెల మధ్యాహ్నం ఎండలో పెట్టిన పిస్టన్ నీడలో ఉన్నదానికంటే 15 డిగ్రీలు వేడిగా ఉంటే 0.02 మి.మీ. పెద్దదిగా చూపిస్తుంది. మన క్లియరెన్స్‌లో అది మూడో వంతుకు పైనే. పిస్టన్లనీ బ్లాకునీ రాత్రంతా ఒకే గదిలో ఉంచి పొద్దున్నే కొలిచాం.

హోనింగ్ టార్క్ ప్లేట్ బిగించి చేయించాం. హెడ్ స్థానంలో మందపాటి స్టీల్ పలకను అవే బోల్టులతో అదే టార్క్‌కి బిగించి, ఆ ఒత్తిడిలో బోరు గుండ్రంగా వచ్చేలా రుద్దడం. అల్యూమినియం బ్లాకులో బోల్టు బిగిస్తే లైనర్ సన్నగా వంకర పోతుంది. ప్లేటు లేకుండా గుండ్రంగా చేసిన బోరు, హెడ్ బిగించాక గుండ్రంగా ఉండదు.

రింగ్ గ్యాప్, అంటే బోరులో పెట్టాక రింగు రెండు కొసల మధ్య సందు, టాప్‌కి 0.34, సెకండ్‌కి 0.38 మి.మీ. సెకండ్‌ది కొంచెం ఎక్కువ పెట్టడానికి కారణముంది. టాప్ రింగ్ దాటి వచ్చిన గ్యాస్ రెండు రింగుల మధ్య ఇరుక్కుంటే టాప్ రింగుని కిందినుంచి పైకి లేపుతుంది. అది పోవడానికి దారి వదలాలి.

చివరిగా మట్టి పరీక్ష. పిల్లలు ఆడుకునే మెత్తని క్లేని పాకెట్లలో అతికించి, నూనె రాసి, హెడ్ బిగించి, డిగ్రీ వీల్ పెట్టి ఇంజన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి, విప్పి, నొక్కుకున్న క్లేని బ్లేడుతో కోసి మందం కొలవడం. ఇన్‌టేక్ దగ్గర 2.3 మి.మీ., ఎగ్జాస్ట్ దగ్గర 2.9 మి.మీ. నేను ఇన్‌టేక్‌కి 2, ఎగ్జాస్ట్‌కి 2.5 కంటే తక్కువ ఒప్పుకోను. ఎగ్జాస్ట్ వాల్వు వేడికి పొడుగు సాగుతుంది, పైగా మిస్డ్ షిఫ్ట్‌లో స్ప్రింగ్ తేలిపోతే పిస్టన్ వెంటపడి తగిలేది అదే.

నడిపాక

పాతదాని బదులు మనమే ట్యూన్ చేసుకునే స్టాండలోన్ ఈసీయూ, నాలుగు కొత్త ఇంజెక్టర్లు, మిశ్రమాన్ని కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టాం. మొదట మినరల్ ఆయిల్‌తో, ఐడిల్‌లో నిలబెట్టకుండా, మూడో గేరులో సగం థ్రాటిల్ నుంచి లోడ్ ఇచ్చి వదిలేస్తూ రింగులు కూర్చోబెట్టాం. తర్వాత లీక్‌డౌన్, అంటే సిలిండర్‌లోకి ఎక్కించిన గాలిలో కారిపోయేది, నాలుగు సిలిండర్లలోనూ 5 శాతం లోపు. ఎక్స్‌పీ95తో ఫుల్ థ్రాటిల్‌లో ల్యాంబ్డా 0.87 దగ్గర (అంటే గాలికి తగ్గదానికంటే పెట్రోలు కాస్త ఎక్కువగా), టైమింగ్ 28 డిగ్రీల దగ్గర ఆపాం. ఇంకో రెండు డిగ్రీలు ఇస్తే పవర్ పెరగలేదు, కాబట్టి ఇవ్వలేదు. మామూలు పెట్రోలు కోసం విడిగా ఒక మ్యాప్, డ్యాష్ మీద స్విచ్చు.

పవర్ కొలిచే డైనో మీద చక్రాల దగ్గర 88 బీహెచ్‌పీ వచ్చింది. ఇందులో ఎక్కువ వాటా క్యామ్, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్, ట్యూనింగ్‌లది. పిస్టన్ నేరుగా ఇచ్చింది ఆ మొదటి 3 శాతమే. 7,500 దాకా పూర్తి ధైర్యంతో తిప్పుకోవడం దాని అసలు చందా.

కొన్ని ట్రాక్ డేలయ్యాక ప్లగ్ రంధ్రంలోంచి బోరోస్కోప్ పెట్టి చూశాం. నాలుగు తలల మీదా ఒకే రకమైన లేత గోధుమ రంగు, స్క్విష్ అంచులు శుభ్రంగా కడిగినట్టు ఉన్నాయి, గుంట ఒక్కటీ లేదు. బోరు గోడల మీద హోనింగ్ గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. పొద్దున స్టార్ట్ చేస్తే ఒక అరనిమిషం సన్నని చప్పుడు, తర్వాత ఏమీ లేదు. ఆయిల్ ట్రాక్‌లో కొంచెం తాగుతుంది, రోడ్డు మీద లెవెల్ కదలట్లేదు.

కుర్రాడు ఇప్పుడు ట్రైలర్ కొనే ఆలోచనలో ఉన్నాడు. ఏసీ తీసేసి, కారుని ట్రాక్‌కే అంకితం చేస్తాడట. అదే జరిగితే నా ఆర్డర్ షీట్ మారుతుంది: అప్పుడు 2618, క్లియరెన్స్ మూడు థౌకి పైన, ఆఫ్‌సెట్ సున్నా, పొట్టి స్కర్ట్, తేలిక పిన్, డబ్బాలో తెచ్చుకునే 100 ఆక్టేన్ పెట్రోలుకి 11.5 కంప్రెషన్. డోమ్ తక్కువలో ఆగేలా ముందుగా ఛాంబర్‌నే చిన్నది చేయాలి, దానికి హెడ్‌లో వెల్డింగ్ పని ఉంటుంది. లైనర్లలో ఇంకో పావు మిల్లీ మిగిలి ఉంది.